చేతివడుకుకు దక్కనీ గొర్రె ఉన్నిని సిద్ధం చేయడం

దక్కన్ పీఠభూమిలోని మెట్ట ప్రాంతాలలో గొర్రెల పెంపకం వర్షాధార వ్యవసాయానికి తోడుగా సాగుతూ వచ్చింది. కోతలు పూర్తయిన చేలలో మందను నిలపడం వల్ల భూమికి ఎరువు, గొర్రెకు మేత, కాపరికి గింజలు లభించేవి. ఆ మందలలో ప్రధానమైన నల్ల గొర్రె దక్కనీ జాతికి చెందినది. తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక, మహారాష్ట్రలలోని తక్కువ వర్షపాత ప్రాంతాలలో ఈ జాతి విస్తరించి ఉంది. మాంసంతో పాటు ఉన్నిని కూడా ఇచ్చే ఈ గొర్రెను ఆధారం చేసుకొని తెలంగాణలో కురుమలు తరతరాలుగా గొంగళ్ళు నేస్తున్నారు. ఉన్నిని వడకడం ఎక్కువగా స్త్రీల పని, గుంటమగ్గంపై నేయడం పురుషుల పని.

మాంసానికి గిరాకీ పెరిగిన తరువాత ఉన్ని లేని నెల్లూరు జాతి పొట్టేళ్ళతో సంకరం విస్తరించింది. ఉన్ని కొనేవారు తగ్గారు. అనేక గ్రామాలలో కత్తిరింపు కూలి కాపరికి కేవలం ఖర్చుగా మిగులుతోంది. కత్తిరించిన ఉన్ని చేలగట్లపై పడి వృథా అవుతోంది. ఈ స్థితిలో స్వయం సహాయక సంఘాల ద్వారా చేతివడుకును తిరిగి ప్రోత్సహించే ప్రయత్నాలకు తరచుగా ఒకే రకమైన ఆటంకం ఎదురవుతుంది. నూలు ఎగుడుదిగుడుగా వస్తుంది, మగ్గంపై తెగుతుంది, తాకితే గరుకుగా ఉంటుంది. దోషాన్ని వడికే మనిషి నైపుణ్యం మీదనో, గొర్రె జాతి మీదనో మోపడం పరిపాటి. అయితే ఈ లోపాలలో అధిక భాగం ఉన్ని కదురును చేరక ముందే, మేత నుంచి ఏకు వరకు ఉన్న దశలలో ఏర్పడతాయి. అక్కడ జరిగిన నష్టాన్ని ఎంతటి నేర్పరి అయినా కదురుపై సరిదిద్దలేరు. పైగా సన్నని మెరినో ఉన్ని కోసం రూపొందిన పద్ధతులను ముతక దక్కనీ ఉన్నికి యథాతథంగా వర్తింపజేయడం కూడా నష్టానికి ఒక కారణం. ఆయా దశలను, వాటి వెనుక ఉన్న కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉన్ని పోగు స్వభావం

ఉన్ని కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడిన పోగు. దీని ఉపరితలాన్ని చేప పొలుసుల వంటి సూక్ష్మమైన పొలుసులు కప్పి ఉంటాయి. పొలుసుల అంచులన్నీ పోగు కొన వైపు తిరిగి ఉండటం వల్ల పోగు ఒక దిశలో సులభంగా జారుతుంది, వ్యతిరేక దిశలో పట్టుకుంటుంది. వేడి, తడి, రాపిడి మూడూ కలిసినపుడు పోగులు ఒకదానిలోకి ఒకటి జరిగి, తిరిగి వెనుకకు రాలేక అట్టకడతాయి. గొంగడికి దిట్టతనాన్ని ఇచ్చేది ఈ గుణమే. కడిగే తొట్టిలో ఉన్నిని పాడుచేసేదీ ఇదే.

పోగు మందం మరొక ముఖ్యాంశం. మెరినో ఉన్ని సాధారణంగా 24 మైక్రాన్లకు లోపు ఉంటుంది. దక్కనీ ఉన్ని సగటున 35 మైక్రాన్లకు పైనే ఉంటుంది. పైగా ఒకే గొర్రెపై సన్నని పోగులు, ముతక పోగులు, నడుమ బోలుగా ఉండే మజ్జ పోగులు కలగలిసి ఉంటాయి. పూర్తిగా బోలుగా, పెళుసుగా ఉండే చచ్చు పోగులు రంగును సరిగా పట్టవు, నూలులో నిలవక రాలిపోతాయి.

ముడి ఉన్నిలో పోగుతో పాటు నాలుగు రకాల పదార్థాలు ఉంటాయి. మొదటిది చర్మ గ్రంథుల నుంచి వచ్చే ఉన్ని మైనం. ఇది నీటిలో కరగదు, సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడి కరుగుతుంది. రెండవది చెమట ఆరగా మిగిలిన లవణాలు. పొటాషియం అధికంగా ఉండే ఈ లవణాలు చన్నీటిలోనే కరుగుతాయి. మూడవది దుమ్ము, పేడ. నాలుగవది పల్లేరు కాయలు, ఉత్తరేణి గింజలు, మరులమాతంగి కాయలు వంటి వృక్ష సంబంధ మలినాలు. వీటిలో ఒక్కొక్క దానిని తొలగించే మార్గం వేరు. కడిగితే పల్లేరు కాయ పోదు. విదిలిస్తే మైనం పోదు.

మెరినో ఉన్ని బరువులో మైనం 15 శాతం లేదా అంతకు మించి ఉండవచ్చు. ముతక దక్కనీ ఉన్నిలో అది దానికంటే చాలా తక్కువ. దక్కనీ ఉన్నిని ఎంతవరకు కడగాలనే నిర్ణయానికి ఈ తేడాయే ఆధారం.

మేత, కత్తిరింపు కాలం

ఉన్ని పోగు గొర్రె పోషణకు రాతపూర్వక సాక్ష్యం వంటిది. మేత పుష్కలంగా ఉన్న నెలల్లో పోగు లావుగా, ఎండకాలపు మేత కొరతలో సన్నగా పెరుగుతుంది. తీవ్రమైన జ్వరం, ఈత, పాలిచ్చే దశ కూడా ఇదే ప్రభావం చూపుతాయి. ఇలా సన్నబడిన చోట పోగు బలహీనమై, లాగితే అక్కడే తెగుతుంది.

ఈ బలహీన స్థానం పోగు పొడవులో ఎక్కడ ఉన్నదనేది కత్తిరింపు తేదీపై ఆధారపడుతుంది. మేత కొరత కాలం రెండు కత్తిరింపుల మధ్య నడిమికి వస్తే బలహీన స్థానం పోగు మధ్యలో పడుతుంది. ఏకే సమయంలో పోగు రెండు ముక్కలవుతుంది, 7 సెంటీమీటర్ల పింజ ఒక్కసారిగా మూడున్నర సెంటీమీటర్లకు దిగుతుంది. కొరత ముగిసే వేళకు, అంటే వేసవి చివర కత్తిరిస్తే, బలహీన స్థానం పోగు మొదలు దగ్గరే ఉంటుంది. అపుడు పోయేది చిన్న ముక్క మాత్రమే. దక్కనీ గొర్రెను సాధారణంగా ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. అందులో ఒకటి తొలకరికి ముందు పూర్తయ్యేలా చూడటం పింజ పొడవును కాపాడుతుంది. కత్తిరించిన మంద వెంటనే చలివానకు గురికాకుండా కొట్టపు నీడ కల్పించాలి. వేసవిలో అవిసె ఆకు వంటి పచ్చిమేతను కొద్దిపాటిగానైనా అందించడం మాంసానికే కాక పింజ బలానికి కూడా మేలు చేస్తుంది.

పింజ బలాన్ని పరీక్షించడానికి పరికరం అవసరం లేదు. పెన్సిల్ లావు కుచ్చును రెండు చివరలా గట్టిగా పట్టుకొని చెవి దగ్గర చటుక్కున లాగాలి. ఖణేల్‌మనే స్వరం వస్తే పోగు గట్టిది. చిటపట శబ్దంతో చీలితే బలహీనమైనది. ఈ పరీక్ష ప్రతి గొర్రె ఉన్నికీ కత్తిరింపు స్థలంలోనే చేయాలి.

కత్తిరింపుకు ముందు మందను చెరువులో దింపి కడగడం పాత ఆచారం. దీనికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. చన్నీరు చెమట లవణాలను, దుమ్మును తీసివేస్తుంది, మైనాన్ని పోగుపై ఉంచుతుంది. కడిగిన తరువాత గొర్రెలను రెండు మూడు రోజులు శుభ్రమైన పచ్చికపై ఆరనివ్వాలి. తడి ఉన్నిని కత్తిరించి మూటకడితే అది లోపల వేడెక్కి బూజు పడుతుంది. బాహ్య పరాన్నజీవుల నివారణకు మందు నీటిలో ముంచిన గొర్రెలను ఆ మందుకు నిర్దేశించిన గడువు తీరేవరకు చెరువులో దింపకూడదు, కత్తిరించకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. హఠాత్తుగా చనిపోయిన గొర్రె నుంచి ఎట్టి పరిస్థితిలోనూ ఉన్ని తీయరాదు. దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్ కారక బాక్టీరియా సిద్ధబీజాలు ఉన్నిలో, నేలలో దీర్ఘకాలం జీవించి ఉంటాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని పరిశ్రమలో ముడి ఉన్నిని ఏరే కార్మికులు వాటిని పీల్చి మరణించడం వల్ల ఈ వ్యాధి ఊపిరితిత్తుల రూపానికి ‘ఉన్ని ఏరేవారి రోగం’ అనే పేరు స్థిరపడింది. వ్యాధి కనిపించే ప్రాంతాలలో మందకు ఏటా టీకా వేయించడం, ఉన్ని విదిలించేవారు ముక్కుకు, నోటికి అడ్డు కట్టుకొని ఆరుబయట పనిచేయడం తప్పనిసరి.

కత్తిరింపు, ఏరివేత

కత్తిరింపును ఊడ్చిన బండ మీదనో, పరచిన గుడ్డ మీదనో చేయాలి. కత్తెరను చర్మానికి దగ్గరగా ఉంచి ఒకే వేటులో కోయాలి. మొదటిసారి ఎత్తుగా కోసి, మిగిలిన మొదళ్ళను మళ్ళీ కోస్తే పొట్టి తునకలు ఏర్పడతాయి. నూలులో కనిపించే చిన్న ఉండలకు ఈ తునకలు ఒక ప్రధాన కారణం. కత్తిరించిన ఉన్నిని పైకెత్తి విదిలిస్తే అవి కింద రాలతాయి. రాలిన వాటిని తిరిగి కుప్పలో కలపకూడదు.

ఏరివేత కత్తిరింపు జరిగిన రోజే పూర్తికావాలి. ఒకసారి మూటలో కలిసిపోయిన ఉన్నిని తరువాత వేరు చేయడం చాలా శ్రమతో కూడిన పని. భుజాలు, పక్కల నుంచి వచ్చిన ఉన్ని పొడవుగా, సమానంగా ఉంటుంది. ఇది మొదటి రకం. వీపుపై ఉన్ని ఎండకు కొనలు పెళుసెక్కి, దుమ్ము పట్టి ఉంటుంది. తొడల ఉన్ని ముతకగా ఉంటుంది. ఈ రెండూ రెండవ రకం. పొట్ట, కాళ్ళు, తోక చుట్టూ ఉన్న ఉన్ని పొట్టిగా, పేడ అంటి ఉంటుంది. దానిని వడుకుకు వాడకూడదు. గొర్రెపిల్లల తొలి కత్తిరింపు ఉన్ని అన్నింటికంటే మెత్తనిది. ఒంటికి తగిలే శాలువలు, మఫ్లర్లకు అది తగినది కనుక దానిని విడిగా భద్రపరచాలి. నలుపు, బూడిద, తెలుపు రంగులను వేరు చేస్తే అద్దకం లేకుండానే రంగుల వైవిధ్యం లభిస్తుంది.

నిల్వకు ఎరువుల ప్లాస్టిక్ సంచులను వాడటం విస్తృతంగా కనిపించే పొరపాటు. వాటి నుంచి ఊడే ప్లాస్టిక్ దారపు పీచు ఉన్నిలో కలిసి, ఏకినా విడిపోక, నేసిన గుడ్డలో తెల్లని గీతలుగా తేలుతుంది. గోనె పీచుతోనూ ఇదే ఇబ్బంది. నూలు గుడ్డ సంచులే సరైనవి. పేడ, చెమట అంటిన ఉన్నిని పురుగు త్వరగా ఆశిస్తుంది. బాగా ఆరిన, శుభ్రమైన ఉన్నిని నేలకు ఎత్తుగా వేలాడదీసి, నెలకొకసారి విప్పి ఎండ చూపించాలి.

కడగడం: ఎంతవరకు?

ముందుగా ఉన్నిని వెదురు తడికపై పరచి సన్నని కర్రలతో మెల్లగా కొట్టాలి. పొడి దుమ్ము నీటి అవసరం లేకుండానే పోతుంది. దుమ్ముతోనే నీటిలో వేస్తే అది బురదగా మారి పోగుల మధ్య చేరుతుంది.

కడగడంలో తయారయ్యే వస్తువును బట్టి రెండు మార్గాలు ఉన్నాయి. వానకు, చలికి కప్పుకునే గొంగడికి చెరువులో కడిగిన ఉన్ని చాలు. పోగుపై మిగిలిన మైనం నీటిని కొంతవరకు జారవిడుస్తుంది, వడికేటపుడు నూనె అవసరాన్ని తగ్గిస్తుంది. చలికాలంలో ఈ మైనం బిగుసుకుంటే ఏకడానికి ముందు ఉన్నిని కొద్దిసేపు ఎండలో ఉంచితే సరిపోతుంది. శాలువ, తివాచీ, రంగు అద్దవలసిన నూలు వంటి వాటికి మాత్రం వేడినీటి కడుగుడు అవసరం, ఎందుకంటే మైనం ఉన్న చోట రంగు సమంగా పట్టదు.

వేడినీటి కడుగుడులో కిలో ఉన్నికి సుమారు 30 లీటర్ల నీరు తీసుకోవాలి. దక్కనీ ఉన్నికి 45 డిగ్రీల వేడి సరిపోతుంది. ఇది మైనం కరిగే ఉష్ణోగ్రతకు కొంచెం పైన ఉంటుంది. అధిక మైనం గల ఉన్నికి చెప్పే 60 డిగ్రీలు, మూడు నాలుగు తొట్ల విధానం ఇక్కడ అనవసరం. దాని వల్ల ఉన్న కొద్దిపాటి మైనం పూర్తిగా పోయి పోగు పెళుసెక్కుతుంది. కుంకుడు రసం లేదా క్షారం లేని ద్రవ డిటర్జెంటును తేలికగా నురుగు నిలిచే మేరకు కలపాలి. ఉన్నిని వల సంచిలో వదులుగా నింపి నీటిలో మునిగేలా అదిమి, 15 నుంచి 20 నిమిషాలు కదిలించకుండా ఉంచాలి. పిసకడం, బాదడం, ఉన్నిపై ధారగా నీరు పోయడం చేయకూడదు. అదే వేడి గల మంచినీటిలో రెండుసార్లు జాడించాలి. వేడినీటి నుంచి ఒక్కసారిగా చన్నీటిలోకి మారిస్తే మెత్తబడిన మైనం తిరిగి పోగుపై గడ్డకడుతుంది, ఉన్ని అట్టకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. నీటిని అదిమి తీసి, నీడలో వల మీద పలుచగా ఆరబెట్టాలి.

బట్టల సోడా వాడకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పత్తి క్షారాన్ని తట్టుకుంటుంది, ఉన్ని తట్టుకోదు. 5 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో మరిగిస్తే ఉన్ని కొద్ది నిమిషాలలోనే పూర్తిగా కరిగిపోతుంది. ప్రయోగశాలలో ఉన్నిని పత్తి నుంచి గుర్తించడానికి వాడే పరీక్ష ఇదే. బట్టల సోడా అంత తీవ్రమైనది కాకపోయినా, వేడితో కలిసినపుడు పోగును పసుపు బారుస్తుంది, బలహీనపరుస్తుంది. అదేవిధంగా ఉప్పుబావుల కఠిన జలంలో సబ్బు వాడితే సున్నపు సబ్బు తెట్టుగా ఏర్పడి పోగుకు అంటుకుంటుంది. అలాంటి గ్రామాలలో వాన నీరు లేదా చెరువు నీరు, వాటితో కుంకుడు రసం మేలైన ఎంపిక.

విడదీత, నూనె పట్టించడం

ఆరిన ఉన్నిని కుచ్చు కుచ్చుగా వేళ్ళతో అడ్డంగా లాగి వదులు చేయాలి. గింజలు, ముళ్ళ కాయలు, చచ్చు పోగులు తీసివేయడానికి ఇదే సరైన దశ. పరిశ్రమలలో గంధకామ్లంతో వృక్ష మలినాలను మాడ్చి తొలగిస్తారు. గ్రామస్థాయిలో అది ప్రమాదకరం. మందను కత్తిరింపుకు ముందు నెల రోజులు ముళ్ళ మొక్కలు కాయలు కాసే బీళ్ళకు తోలకుండా ఉండటం అంతకంటే తేలిక.

పూర్తిగా కడిగిన ఉన్ని పొడిగా ఉండి, రాపిడికి విద్యుదావేశం పొంది, పోగులు ఒకదాని నుంచి మరొకటి దూరంగా లేస్తాయి. దీనికి నూనె, తేమ రెండూ అవసరం. కిలో ఉన్నికి 20 నుంచి 30 గ్రాముల కొబ్బరి నూనె లేదా వేరుశనగ నూనెను కొద్దిగా కుంకుడు రసం కలిపిన నీటిలో బాగా గిలకొట్టి, పాల వలె తెల్లబడిన ద్రావణాన్ని పొరలు పొరలుగా చిలకరించి, గుడ్డ కప్పి రాత్రంతా ఉంచాలి. అవిసె గింజల నూనె, కుసుమ నూనె వంటి ఆరిపోయే గుణం గల నూనెలను వాడరాదు. అవి గాలి తగిలి జిగురుగా మారతాయి. అవిసె నూనె పట్టిన పీచు కుప్పలు తమంతట తాము వేడెక్కి మండే ప్రమాదం కూడా ఉంది. గొంగడికి ఉద్దేశించిన, మైనం మిగిలిన ఉన్నికి ఈ దశ అవసరం లేదు.

ఏకడం

ఏకడం లక్ష్యం పోగులను ఒక్కొక్కటిగా విడదీసి, వివిధ పొడవుల పోగులు అంతటా సమంగా ఉండేలా తిరిగి అమర్చడం. దక్కన్ ప్రాంతంలో పత్తికి వలెనే ఉన్నికి కూడా విల్లు వాడుకలో ఉంది. విల్లు నారి కంపనం కుచ్చులను తెరుస్తుంది, మిగిలిన దుమ్మును, చచ్చు పోగులను రాల్చివేస్తుంది. ముతక, పొట్టి ఉన్నికి ఇది అనువైనది. తీగ పళ్ళు గల చేతి పలకలతో ఏకితే పోగులు మరింత సమంగా పరుచుకుంటాయి. పలకపై ఉన్నిని పలుచగా, కింది అట్ట కనిపించేలా పరచాలి. పళ్ళు ఒకదానిలో ఒకటి దిగకుండా, కొనలు మాత్రమే తాకేలా నాలుగైదుసార్లు లాగాలి. లోతుగా దింపి బలంగా లాగితే పోగులు తెగుతాయి. అతిగా ఏకితే తెగిన పోగులు చుట్టుకొని ఉండలు కడతాయి. తయారైన పొరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే మబ్బుమచ్చలు లేకుండా ఒకే పలుచదనం కనిపించాలి. దానిని అడ్డంగా, వదులుగా చుడితే ఏకు సిద్ధమవుతుంది.

దువ్వెనలతో దువ్వడం వేరొక ప్రక్రియ. అందులో పొట్టి పోగులు తొలగి, పొడవైనవి సమాంతరంగా నిలుస్తాయి. నూలు నునుపుగా, గట్టిగా వస్తుంది. ఆరు నెలల పెరుగుదల మాత్రమే ఉన్న దక్కనీ ఉన్నిని దువ్వితే వ్యర్థం ఎక్కువై దిగుబడి పడిపోతుంది. ఏకిన నూలు గాలిని తనలో నిలుపుకొని వెచ్చదనాన్ని ఇస్తుంది. దక్కనీ ఉన్ని స్వభావానికి ఇదే తగినది.

దిగుబడి లెక్క, వినియోగం

విద్యార్థులు ప్రతి దశలోనూ తూకం వేయడం అలవాటు చేసుకోవాలి. ఉదాహరణకు 1000 గ్రాముల ముడి ఉన్ని దుమ్ము దులిపిన తరువాత 880, కడిగి ఆరిన తరువాత 760, ఏకిన తరువాత 690 గ్రాములు తూగిందనుకుంటే, దిగుబడి 69 శాతం. అంటే ఒక కిలో ఏకులకు 1.45 కిలోల ముడి ఉన్ని కావాలి. ఏరివేత సరిగా జరగని మూటలో ఈ అవసరం గణనీయంగా పెరుగుతుంది. మూటను బరువు మీద కాక దిగుబడి మీద కొంటేనే ఏరివేతకు శ్రమపడిన కాపరికి తగిన ధర దక్కుతుంది. ఉన్ని గాలిలోని తేమను విశేషంగా పీల్చుకుంటుంది, తన బరువులో దాదాపు మూడో వంతు తేమ చేరినా తడిగా అనిపించదు. అందువల్ల అన్ని తూకాలూ ఒకే ఆరుదలలో, వీలైతే ఒకే వేళలో తీయాలి.

ఏకు నుంచి చిటికెడు లాగి పురి పెట్టి చూడటం చివరి పరీక్ష. పోగు తెగకుండా, ఉండలు లేకుండా సాగితే ఉన్ని వడుకుకు సిద్ధమైనట్లు. మొదటి రకం ఏకులతో ఎక్కువ పురి గల పడుగు నూలు, రెండవ రకంతో తక్కువ పురి గల పేక నూలు వడకాలి. పడుగుకు చింతగింజల గంజి పట్టించే సంప్రదాయం ముతక పోగుల నూగును అణచి మగ్గంపై తెగుళ్ళను తగ్గిస్తుంది. అయితే బలహీనమైన పింజను గంజి బలపరచలేదు.

వడుకుకు పనికిరాని ఉన్నికి పొలంలో స్థానం ఉంది. శుభ్రమైన ఉన్నిలో సుమారు 16 శాతం నత్రజని, 3 నుంచి 4 శాతం గంధకం ఉంటాయి. కెరాటిన్ నిదానంగా కుళ్ళుతుంది కనుక ఈ పోషకాలు నెలల తరబడి విడుదలవుతాయి. పేడ అంటిన పొట్ట ఉన్నిని ముక్కలు చేసి కంపోస్టులో కలపవచ్చు, లేదా పండ్ల మొక్కల పాదులలో మట్టి కింద పరచవచ్చు. డిటర్జెంటు కలపని మొదటి చన్నీటి కడుగుడు నీటిలో పొటాషియం ఉంటుంది కాబట్టి దానిని పలుచన చేసి చెట్లకు పోయవచ్చు. పురుగుమందులో ముంచిన మంద ఉన్నికి మాత్రం ఈ సూచనలు వర్తించవు.

విస్తరణలో గమనించవలసినవి

చేతివడుకు శిక్షణ సాధారణంగా రాట్నంతో మొదలవుతుంది. దక్కనీ ఉన్ని విషయంలో అది మంద దగ్గర మొదలుకావాలి. కాపరికి కత్తిరింపు తేదీ, పింజ పరీక్ష, ఒకే వేటు కోత, అదేరోజు ఏరివేత నేర్పాలి. వడికే స్త్రీలకు ఉన్నిని చూసి కడుగుడు స్థాయిని నిర్ణయించే విచక్షణ, నీటి నాణ్యత, నూనె ఎంపిక తెలియజేయాలి. ఇద్దరినీ ఒకే శిక్షణలో కూర్చోబెట్టడం మరింత ప్రయోజనకరం, ఎందుకంటే ఒకరి పనిలోని లోపం మరొకరి చేతిలోనే బయటపడుతుంది. ఈ మెళకువలకు అవసరమైన పెట్టుబడి స్వల్పం. కత్తెర, తడిక, వల సంచి, గుడ్డ సంచులు, ఉష్ణమాపకం, త్రాసు ఉంటే చాలు. ఉన్నికి విలువ లభించినపుడే ఉన్ని ఇచ్చే గొర్రెను మందలో ఉంచుకోవడానికి కాపరికి కారణం ఉంటుంది. కరవును, దూర నడకను తట్టుకొనే దక్కనీ జాతి సంరక్షణ కేవలం పరిశోధన క్షేత్రాలలో సాధ్యమయ్యేది కాదు. అది కాపరుల మందలలోనే జరగాలి.